నీలం కారు మోత

మా అన్న డ్రైవరు. నేను కార్లలో పాటల సెట్లు బిగించేవాణ్ణి. ఇద్దరిదీ చెవుల మీద బతుకే. మా అమ్మ మాత్రం ఆ మాట ఒప్పుకునేది కాదు. పిలిస్తే ఒక్కడూ పలకడు, వీళ్ళు చెవులతో సంపాదిస్తారంట అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

అన్న చెవి ఇంజన్ని వింటుంది. గేరు మార్చేటప్పుడు అతను మీటరు వైపు చూడగా నేనెప్పుడూ చూడలేదు. మోత కాస్త బరువెక్కగానే చెయ్యి దానంతటదే గేరు మీదికి పోతుంది. పక్కన కూర్చుని మనం ఏదో మాట్లాడుతూనే ఉంటాం, అతనూ జవాబు చెబుతూనే ఉంటాడు, చెవి మాత్రం బానెట్ కింద ఉంటుంది. నా చెవి అలాంటిది కాదు. తలుపులో ఎక్కడ రేకు అదురుతోందో, ఏ స్పీకరు గొంతు బొంగురుపోయిందో చెప్పగలను. ఇంజన్ గురించి అడిగితే తెల్లమొహం వేస్తాను.

నా షెడ్డు నందిగామలో, హైవే దిగి ఊళ్ళోకి వచ్చే రోడ్డు పక్కన. ఇల్లు జగ్గయ్యపేటలో, అన్నవాళ్ళ పక్క వాటా. పొద్దున బస్సులో వస్తాను, సాయంత్రం బస్సులో పోతాను. ఊరందరి కార్లలో పాటలు పెడతావు, నీకో కారు లేదా అని రోజూ ఎక్కే బస్సు కండక్టరుకి కూడా నేను లోకువే. నాకు కోపం వస్తుంది. అయినా పక్కకి తిరిగి కూర్చోవడం తప్ప చేసేదేముంది?

అన్న జగ్గయ్యపేటలో ఒక మిర్చి వ్యాపారి ఇంట్లో పనిచేసేవాడు. ఆ పెద్దాయన్ని గుంటూరు యార్డుకీ, హైదరాబాదుకీ, పెళ్ళిళ్ళకీ, చావులకీ తిప్పడంలోనే అతని వయసంతా గడిచిపోయింది. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక పెద్దాయన గుమ్మం దాటడం మానేశారు. అన్న నడిపే పెద్ద కారు వాళ్ళింటి షెడ్డులో పడుకుంది. ఆయన కొడుకు, అన్న చిన్నబాబు అని పిలిచే కుర్రాడు, తన బండి తనే నడుపుకుంటాడు. అది రెండు తలుపుల నీలం రంగు స్పోర్ట్స్ కారు. ముందు రెండు సీట్లు, వెనక సంచి పెట్టుకునేంత జాగా. అందులో డ్రైవరుకి చోటు లేదు. అన్నకి మిగిలిన పనల్లా ఆ కారు తుడవడం, పెట్రోలు కొట్టించుకు రావడం.

"ఏదో ఒకరోజు ఎవరికో గుర్తొస్తుందిరా, ఈ ఇంట్లో ఇంకా డ్రైవరెందుకని," అనేవాడు. యాభై దాటాయి. ఒక కంటికి ఆపరేషనైంది. ఇప్పుడు బయటికొస్తే స్టీరింగ్ ఇచ్చేవాళ్ళు లేరని అతనికి తెలుసు, నాకూ తెలుసు. నా షెడ్డుకి వచ్చెయ్యమని ఒకసారి అంటే వచ్చాడు కూడా. రెండు రోజులు స్టూలు మీద కూర్చుని, వచ్చిన కారుకల్లా లేచి నిలబడి సలాం పెట్టి, మూడోరోజు మానేశాడు. "నాకు ఇక్కడ కూచోటం చాతకాదురా, ఊపిరాడటంలా" అన్నాడు. ఇంకెప్పుడూ ఆ మాటెత్తొద్దని వదిన కూడా నన్ను కసిరింది.

డ్రైవరు పని గురించి అన్నకి ఒక పద్ధతి ఉంది. కార్లో కూర్చున్న మనిషి ఏదన్నా అంటే ముందు సరేనండి అనాలి. అర్థం కాకపోతే తర్వాత మెల్లిగా కనుక్కోవాలి. ఏమన్నారండీ అని తిరిగి అడిగే డ్రైవర్ని ఎవరూ ఎక్కువ కాలం ఉంచుకోరు. కృష్ణలో దూకమంటే ఏం చేస్తావని నేను ఏడిపించేవాణ్ణి.

"ముందు సరేనండి అంటా. ఏ రేవులోనో తర్వాత కనుక్కుంటా," అనేవాడు.

పెట్రోలు వంకతో ఆ నీలం కారుని అతను రాష్ట్ర సరిహద్దులోని గరికపాడు దాకా పోనిస్తాడని నాకొక్కడికే తెలుసు. జగ్గయ్యపేటలో బంకులు లేక కాదు. ఒకసారి నన్నూ ఎక్కించుకున్నాడు. చెక్‌పోస్టు ఇంకా దూరంగా ఉండగా, లారీలు పలచబడ్డ చోట, పాటలు కట్టేసి కాలు అదిమాడు. సీట్ల కింద నుంచి, డ్యాష్‌బోర్డు వెనక నుంచి ఒక మోత లేచింది. కడుపులో దడ పుట్టింది నాకు. అన్న నా వైపు తిరిగి "విన్నావా?" అన్నాడు. అంత సంతోషంగా ఉన్న అతని మొహం నేను ఎన్నాళ్ళుగానో చూడలేదు. "లారీలు నడిపా, జీపులు నడిపా. ఇంత గొంతున్న బండి ఇదేరా" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరం ఆ మోత వింటూ వచ్చాం.

చిన్నబాబుకి ఆ కార్లో పాటలు నచ్చలేదు. కంపెనీ సెట్టు గొంతు పల్చగా ఉందని, హైదరాబాదు పంపి పెద్ద సెట్టు బిగించుకుంటానని అన్నాడట. పక్కన కారు తుడుస్తున్న అన్న గుడ్డ చేత్తోనే పట్టుకుని "మా తమ్ముడు చేస్తాడండి, నందిగామలోనే" అన్నాడు. నన్నడగలేదు. మాటిచ్చేసి వచ్చి చెప్పాడు.

నేను అరిచాను. మనం బిగించేది మామూలు కార్లకి, ఇలాంటి బండిలో ఏ వైరు ఎక్కడికి పోతుందో ఆ కట్టినవాడికి తప్ప తెలియదు, నీకేం పిచ్చా అని అడిగాను. అన్న అంతా విని, చివర్లో నెమ్మదిగా అన్నాడు.

"నేను ఆ ఇంటికి ఇంకా పనికొస్తానని వాళ్ళకి తెలియాలిరా. తుడవటానికి ఎవడైనా దొరుకుతాడు. నీ పని బాగుంటే నా మాట నిలబడుద్ది."

 సరేనన్నాను.

కొత్త స్పీకర్లు, కొత్త యాంప్లిఫయరు చిన్నబాబే తెప్పించి పెట్టెలతో సహా ఇచ్చాడు. యాంప్లిఫయరు అంటే పాటకి బలమిచ్చే డబ్బా. కంపెనీవాడు పెట్టింది తీసి, దాని బదులు పెద్దది పెట్టాలి. కారు నా దగ్గర వదిలి అతను స్నేహితులతో విజయవాడ వెళ్ళాడు. మర్నాడు సాయంత్రం నందిగామలో దిగి, ఆ కారు తీసుకుని అట్నుంచటే హైదరాబాదులో ఎవరిదో పెళ్ళికి పోవాలి. అందుకని ఆ మర్నాడు తెల్లవారగానే మొదలుపెట్టాను. అన్న స్టూలు మీద కూర్చోలేదు. కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. నేను తలుపు అట్ట ఊడదీసిన ప్రతిసారీ అతని మొహం చూడాలి. తన పన్ను ఎవరో పీకుతున్నట్టు ఉండేది.

మధ్యాహ్నానికి పని అయింది. తలుపుల లోపల రేకు అదరకుండా షీట్లు అంటించాను. కొత్త స్పీకర్లు కూర్చోబెట్టాను. సీటు కింది పాత డబ్బా తీసి, డిక్కీలో కొత్త డబ్బా బిగించాను. పాట పెట్టాను. నా పని గురించి నేను చెప్పుకోకూడదు గానీ, చెప్పుకుంటాను. అంత శుభ్రమైన పాట నా చేతుల మీదుగా ఎప్పుడూ రాలేదు. తబలా మీద వేలు జారడం కూడా వినబడింది. అన్న కళ్ళు మూసుకుని విని, నా వీపు మీద చరిచాడు. "ఇంక చాలురా. నా మాట నిలబెట్టావ్."

శుక్రవారం జుమ్మా నమాజుకి పోయేముందు ఒకసారి బండి బయటపెడదామని అన్న ఇంజన్ వేశాడు. పాట ఆపి, కాలు నొక్కాడు. ఆ తర్వాత తల ఎత్తి నన్ను చూశాడు.

"మోతేదిరా?"

నాకర్థం కాలేదు. మళ్ళీ నొక్కాడు. ఇంజన్ తిరుగుతోంది. మీటరు ముల్లు పైకి పోతోంది. లోపల మాత్రం కుట్టుమిషను తిరిగినట్టు సన్నటి చప్పుడు. గరికపాడు రోడ్డు మీద నా కడుపులో దడ పుట్టించిన మోత లేదు.

"ఏం చేసావ్‌రా?" అన్నాడు అన్న. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

 బానెట్ ఎత్తాం. ఇద్దరం లోపలికి తొంగిచూశాం. ఏం చూడాలో నాకు తెలియదు. అతనికి తెలిసిన ఇంజన్‌లా అది లేదు, పైనంతా నల్లటి మూత. నేను ఎక్కడెక్కడ చెయ్యి పెట్టానో అన్న ఒక్కొక్కటే అడిగాడు, నేను ఒక్కొక్కటే చెప్పాను. బ్యాటరీ వైరు తీశావా? తీశా. మళ్ళీ పెట్టావా? పెట్టా. ఇంజన్ వెనక గోడలోంచి వైరు లాగావా? లాగా. దేన్నైనా కోశావా? కొయ్యలా. కొయ్యలేదని నాకు తెలుసు, కానీ ఆ క్షణంలో నా మీద నాకే నమ్మకం పోయింది. ఏ సన్న వైరు మీదో నా స్క్రూడ్రైవరు జారి ఉంటుంది. ఇంజన్ ఊపిరి ఎక్కడో బిగబట్టుకుపోయి ఉంటుంది. ఎదురుగా మసీదులో జుమ్మా అజాన్ వినిపించింది. అన్న కదల్లేదు. అతను జుమ్మా మానడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

"రోడ్డు మీద పోనిద్దాం. నడిస్తే గొంతు విప్పుద్దేమో," అన్నాడు.

జగ్గయ్యపేట వైపు తిప్పాడు. కారు బాణంలా పోతోంది. ఎక్కడా తడబాటు లేదు. కానీ అన్న తడబడుతున్నాడు. మోత లేకపోయేసరికి గేరు ఎప్పుడు మార్చాలో చేతికి తెలియడం లేదు. మీటరు చూసి మార్చాడు, అన్నేళ్ళ డ్రైవరు, లైసెన్సు పరీక్షకి వచ్చినవాడిలా. చిల్లకల్లు దాటాక అతని చొక్కా వీపు మీద తడిసిపోయి ఉంది. ఏసీ నడుస్తూనే ఉంది.

"ఇంజన్ పోతే ఆ ఇంట్లో నా మొహం ఎట్టా చూపించనురా," అన్నాడు. "ఇన్నాళ్ళు ఒక గీత పడనియ్యలా వాళ్ళ బండ్ల మీద. ఇప్పుడు పోయి ఏమని చెప్పను, మా తమ్ముడి చేత పాడు చేయించానండి అనా?"

ఏమీ కాదులే అన్నా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే సిగ్గేసింది.

గరికపాడు దగ్గర దాబాల పక్కన అన్నకి తెలిసిన మెకానిక్ ఉన్నాడు. లారీలు చూస్తాడు. కారు చూసి చేతులు తుడుచుకున్నాడు గానీ దగ్గరికి రాలేదు. అన్నని ఇంజన్ రేపమని, తను బయట నిలబడి విన్నాడు.

"మంచిగనే ఉంది గదన్నా. ఏమైంది?"

"మోత లేదు. ముందు పులిలాగా అరిచేది."

"బయటికా, లోపటికా?"

అన్న కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. "బయట నేనెప్పుడు నిలబడ్డా? నేను ఎప్పుడూ లోపలేగా" అన్నాడు.

మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. "గిసుంటి బండి నేను ముట్టనన్నా. కంపెనోళ్ళ తానికి తోల్కపో."

కంపెనీవాళ్ళ దగ్గరికి తీసుకుపోవాలంటే హైదరాబాదో విజయవాడో పోవాలి. వాళ్ళు బండి చూసి ముందు ఫోన్ చేసేది దాని ఓనరుకే. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని కారెక్కాం.  తిరుగుదారంతా నేను నోట్లోనే దువా చేసుకున్నాను. ఆ మోత తిరిగొస్తే ఇంకెప్పుడూ అన్నతో గొంతెత్తి మాట్లాడనని మొక్కుకున్నాను. ఇంజన్ మోత కోసం దేవుణ్ణి ప్రార్థించినవాడు నందిగామ డివిజన్లో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

షెడ్డులోకి రాగానే నాకు తోచింది ఒక్కటే. చేసిందంతా చేసిన దారిలోనే వెనక్కి విప్పుకుంటూ పోవాలి. ఎక్కడ మోత తిరిగొస్తే అక్కడే నా తప్పు ఉన్నట్టు. అన్నని సీట్లో కూర్చోబెట్టాను. నేను ఒక్కొక్కటి విప్పి, ఊఁ అంటే అతను కాలు నొక్కాలి. కొత్త డబ్బా వైర్లు తీశాను. ఊఁ. లేదు. బ్యాటరీ వైరు మార్చాను. ఊఁ. లేదు. చిన్న స్క్రూలు కింద పడుతున్నాయి, వెతకడానికి ఓపిక లేదు. చివరికి సీటు కింద పాత డబ్బాని దాని చోట పెట్టి వైర్లు కలిపాను. ఎడమ తలుపు అట్ట లేకుండా బోడిగా ఉంది. అందులో పాత స్పీకరు బిగించే టైము లేదు, బిగించే ఉద్దేశమూ లేదు. ఊరికే వైరు తగిలించి అరచేతిలో పట్టుకున్నాను.

"ఊఁ" అన్నాను.

అన్న కాలు నొక్కాడు. నా చేతిలో స్పీకరు గర్జించింది.

కింద పడేసేవాణ్ణే. దాని కాగితం పొర నా బొటనవేలి కింద పక్షి గుండెలా కొట్టుకుంటోంది. పాట లేదు. రేడియో లేదు. ఇంజన్ మోత, అదే మోత, గరికపాడు రోడ్డు మీద విన్న మోత, నా అరచేతిలోంచి వస్తోంది. అన్న కాలు తీశాడు, తగ్గింది. నొక్కాడు, లేచింది. వైరు పీకాను. ఆగిపోయింది. బానెట్ కింద ఇంజన్ మాత్రం తన కుట్టుమిషను చప్పుడు తను చేసుకుంటూనే ఉంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కసారిగా నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కారు చుట్టూ పరిగెత్తి అన్న భుజాలు పట్టుకుని ఊపేశాను. "ఇంజన్‌కి ఏం కాలేదన్నా! ఆ మోత ఇంజన్ది కాదు. ఇంజన్ ఎంత జోరుగా తిరుగుతోందో చూసి, దానికి తగ్గ మోత ఈ డబ్బా తయారుచేసి స్పీకర్లలో వదులుతోంది. లోపల కూర్చున్నోళ్ళ కోసం. డబ్బా మారిస్తే మోత పోయింది, అంతే!"

అన్న నవ్వలేదు. సీట్లోంచి దిగి వచ్చి, నా చేతిలో స్పీకరు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే ఇదీ పాటేనా?" అన్నాడు.

"పాటే అనుకో."

"ఇన్నాళ్ళు నేను పాట విని గేర్లు మార్చానా?"

నాకు ఒళ్ళు మండింది. పొద్దుట్నుంచి తిండి లేదు, నీళ్ళు లేవు, జుమ్మా పోయింది, తల ప్రాణం తోకకొచ్చింది, ఇప్పుడు ఈయనకి మోత నిజమా అబద్ధమా అని బాధ. "బండి బాగుంది. నీ పని పోదు. ఇంకేం కావాలి నీకు?" అని అరిచాను. దారిలో మొక్కిన మొక్కు అంతసేపు కూడా నిలవలేదు. అన్న స్పీకరుని మెల్లిగా గుడ్డ మీద పెట్టాడు.

అప్పుడే అతని ఫోను మోగింది. కంచికచర్ల దాటామని చిన్నబాబు. అన్న అలవాటు ప్రకారం "సరేనండి" అని పెట్టేసి, నా వైపు చూశాడు. కంచికచర్ల నుంచి నందిగామ ఎంత దూరం?

అసలు కష్టం అప్పుడు మొదలైంది. పాత డబ్బా ఉంచితే మోత ఉంటుంది, కొత్త పాట ఉండదు; చేస్తానని చేయలేకపోయాడని అన్న మాట పోతుంది. కొత్తది పెడితే పాట ఉంటుంది, మోత ఉండదు. ఎక్కగానే ఇంజన్ ఏమైందని అడిగితే ఇద్దరం దొంగల్లా నిలబడాలి. రెండూ కలిపి, పాత డబ్బాకి వేరే చిన్న స్పీకరు తగిలించి మోతని బతికించవచ్చు. దానికి ఇంకో రోజన్నా కావాలి. ఆ మాట చెప్పాను.

అన్న కారు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ మోత అతనికి ఎంత ఇష్టమో నాకు తెలుసు. పాత డబ్బాయే ఉంచరా అంటాడేమోనని కూడా అనుకున్నాను.

"కొత్తదే పెట్టు. ఆయన అడిగింది పాటేగా," అన్నాడు. "మోతేదని అడిగితే నేనే చెప్పుకుంటా."

ఆ తర్వాత నేను చేసిన పని మనిషి చేసే పని కాదు. వేళ్ళు తెగాయి. తలుపు అట్ట బిగిస్తుంటే రెండు క్లిప్పులు విరిగాయి, టేపు వేశాను. అన్న నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని సెల్‌ఫోను లైటు పట్టాడు.  ఆఖరి స్క్రూ తిప్పుతుండగా షెడ్డు ముందు చిన్నబాబు స్నేహితుల తెల్లకారు ఆగింది.

చిన్నబాబు మంచి కుర్రాడే. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు తేలికయ్యేది. దిగుతూనే అన్నని భాయ్ అని భుజం తట్టాడు, నాకు చెయ్యి ఇచ్చాడు, నా వేళ్ళ మీద రక్తం చూసి అయ్యో అన్నాడు. కార్లో కూర్చుని ఇంజన్ వేశాడు.  కుట్టుమిషను చప్పుడు. అతను కాలు నొక్కాడు. కుట్టుమిషను ఇంకాస్త జోరుగా తిరిగింది. అన్న చెప్పడానికి నోరు తెరిచాడు.

చిన్నబాబు ఫోన్లో పాట వెతుక్కుంటున్నాడు. మోత లేదని గమనించలేదు. అతనికి ఆ మోత ఉందని కూడా తెలుసో లేదో. పాట దొరికింది. సౌండు పెంచాడు, ఇంకా పెంచాడు. నా షెడ్డు రేకులు అదిరాయి. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. చిన్నబాబు తల ఊపుతూ నా వైపు బొటనవేలెత్తాడు. అన్న తెరిచిన నోరు మూసుకున్నాడు. అతని మొహంలో మధ్యాహ్నం నుంచి లేని రక్తం తిరిగొచ్చింది.

కారు రోడ్డెక్కించడానికి అన్న ముందు పరిగెత్తాడు. ఎడమ పక్కన నిలబడి, చెయ్యెత్తి ఆటోలని ఆపాడు. నేను కుడివైపు కిటికీలోకి వంగి బేస్ ఎక్కడ తగ్గించుకోవాలో చూపిస్తున్నాను. నా చెవి చిన్నబాబు నోటికి జానెడు దూరంలో ఉంది. అతను ఎడమ అద్దం దించాడు. పాట ఆపలేదు, తగ్గించలేదు. అన్న వైపు తిరిగి మాట్లాడాడు.

"భాయ్, చాలా బాగా చేయించావ్. ఇంత మంచి షాపు పెట్టుకుని మా ఇంట్లో కార్లు తుడుచుకుంటూ ఎందుకు చెప్పు? మీ తమ్ముడి దగ్గరే ఉండిపో. ఒకటో తారీఖు నుంచి రానక్కర్లేదు. నాన్నకి నేను చెప్తాలే. ఏమీ అనుకోకు."

అన్నకి కనబడింది కదులుతున్న పెదాలు, నవ్వుతున్న మొహం. వినబడింది నేను బిగించిన పాట. కుడిచెయ్యి నుదుటికి ఆనించి, తల వంచి, మొహమంతా నవ్వుతో "సరేనండి. అలాగేనండి" అన్నాడు.

చిన్నబాబు నిట్టూర్చాడు. నా వైపు తిరిగి, "ఎన్నాళ్ళ నుంచో ఎట్టా చెప్పాలా అనుకుంటున్నా. ఎంత తేలిగ్గా తీసుకున్నాడో చూడు" అన్నాడు. అతని గొంతులో నిజంగానే బరువు దిగినట్టు ఉంది.

ఆయనకి వినపడలేదండీ అని నేను అనాలి. రెండే మాటలు. అనకుండానే కిటికీలోంచి తల బయటికి తీసుకున్నాను. అద్దం పైకి లేచింది. కారు హైవే వైపు తిరిగింది. అది కనుమరుగయ్యాక కూడా నేను బిగించిన బేస్ కాసేపు వినబడుతూనే ఉంది. నా చేతుల పని మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

అన్న రోడ్డు దాటి వచ్చాడు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి జుట్టు చెరిపాడు, మా చిన్నప్పుడు చేసినట్టు. "గమనించలేదురా! మోత లేదని గమనించనే లేదు!" అని నవ్వాడు. తోపుడు బండి దగ్గర పునుగులు తెప్పించాడు. రెండు టీలు తాగాడు. తినరా తినరా అని నా పొట్లం నా ముందుకి తోస్తూనే ఉన్నాడు. నేను తిన్నాను. ఏం తిన్నానో తెలియదు.

చీకటి పడకముందే షట్టరు దించి బస్సెక్కాం. అన్న ఎప్పుడూ ముందు సీటే, ఇంజన్ పక్కన. పాత బస్సు, మోత చెవులు చిల్లులు పడేలా ఉంది. అన్న ఇంజన్ మీది మూతని అరచేత్తో తట్టి, "దీంట్లో స్పీకర్లు లేవు కదరా?" అని నవ్వాడు. రేపు పెద్దాయనకి ఈ సంగతి చెప్పాలన్నాడు. మంచం పక్కన కూర్చుని మొదట్నుంచి చెప్తానన్నాడు. పులి మోత ఆ డబ్బాలోంచి వస్తోందంటే ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతారు, ఈమధ్య ఆయన నవ్వడమే లేదు అన్నాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఇంటి దగ్గర వదిన ఎదురుచూస్తూ ఉంటుంది. ఈ సంతోషం ఆమెకి కూడా పంచాక చెప్పడం కంటే ముందే చెప్పాలి. బస్సు దిగేలోపు చెప్పాలి. చిల్లకల్లు వచ్చేసింది. 

అన్నే అడిగాడు.

"ఇంతకీ చివర్లో బాబు ఏదో అన్నారు. ఆ పాటలో ఒక్క ముక్క వినపళ్ళా. ఏమన్నారు?"

"బాగుందన్నారు."

"అదొక్కటేనా? చాలాసేపు మాట్లాడారుగా. రేపు పోయాక అడిగితే తెలీదంటే బాగోదురా. సరిగ్గా చెప్పు."

బస్సు మోతలో మామూలుగా చెబితే వినపడదు. అతని చెవి దగ్గరికి వంగి, ఆ కుర్రాడు అన్న మాటలు అన్నట్టే చెప్పాను. షాపు గురించి, ఒకటో తారీఖు గురించి, ఏమీ అనుకోకు అన్న మాట దాకా.

అన్న ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తూ విన్నాడు. ఈసారి ఒక్క ముక్క కూడా పోలేదు.  తర్వాత అతని కుడిచెయ్యి దానంతటదే లేచి నుదుటి దాకా పోయింది.

"అలాగేనండి," అన్నాడు నాతో.